మైదానంలో ఉద్యోగి, కోర్టులో విద్యార్థి

2025 అమెరికా కాలేజీ ఫుట్‌బాల్ సీజన్ తొలివారం. కొలంబస్‌లో శనివారం మధ్యాహ్నం మొదలైన ఆట సాయంత్రానికి ముగిసింది. ఒహాయో స్టేట్ 14, టెక్సాస్ 7. చీకటి పడేలోపే టెక్సాస్ కుర్రాళ్ల మార్కుల పట్టీలు బజారుకెక్కాయి. క్వార్టర్‌బ్యాక్ ఆర్చ్ మ్యానింగ్‌ను కొందరు బొత్తిగా ఫెయిల్ చేశారు, కొందరు బొటాబొటిగా గట్టెక్కించారు. మంగళవారం వెలువడిన అసోసియేటెడ్ ప్రెస్ ర్యాంకుల్లో ఆ జట్టు ఒకటో స్థానం నుంచి ఏడుకు జారింది. లక్షమందికి పైగా స్టేడియంలో కూర్చుని చూసిన ఆట మీద తీర్పులు చెప్పడం నేరమేమీ కాదు. కాలేజీ పిల్లల మీద ఇంత దాడి ఏమిటని అడిగినప్పుడు టీవీ చర్చల్లో తడుముకోకుండా వస్తున్న జవాబు మీదే మా అభ్యంతరం. ‘డబ్బు పుచ్చుకుంటున్నారు కదా, ఉద్యోగుల్లాగే లెక్క అప్పజెప్పాలి’ అంటున్నారు. ఆ తొలివారంలో వినిపించిన మాటలన్నింటిలోకీ పచ్చి అబద్ధం అదే.

ముందు ఆట సంగతి. మ్యానింగ్ బాగా ఆడలేదు. 30 పాసులు విసిరి 17 అందించాడు, 170 గజాలు రాబట్టాడు, ఒక టచ్‌డౌన్ ఇచ్చాడు, ఒక బంతిని ప్రత్యర్థి చేతుల్లో పెట్టాడు. ఈ ఆట సరిపోదని ఆ రోజే తనంత తాను ఒప్పుకున్నాడు. తాత ఆర్చీ, బాబాయిలు అంటూ ఇంటినిండా క్వార్టర్‌బ్యాకులున్న కుటుంబంలో పుట్టినందుకు అతని మీద పెట్టుకున్న ఆశలు ముందే ఆకాశాన్ని అంటాయి. అంతకుముందు ఏడాది ఇతను మొదటినుంచీ బరిలో దిగిన ఆటలు రెండే. పరాయి గడ్డ మీద ఆట మొదలుపెట్టడం అదే తొలిసారి.

మార్కులు వేసేవారి కాగితంలో ఇమడని సంగతులు కూడా ఆ మైదానంలో జరిగాయి. మూడో క్వార్టర్‌లో గోల్ లైన్‌కు గజం దూరాన నాలుగో డౌన్, అంటే ఆఖరి ప్రయత్నం. మ్యానింగ్ బంతి పట్టుకుని గుంపులోకి తలదూర్చాడు. ఒహాయో స్టేట్ రక్షణ వరస ఇంచు కూడా కదల్లేదు. ఆ ప్లే ఎంచుకున్నది కోచ్ స్టీవ్ సార్కీజియన్. తోవ చేయాల్సింది ముందు నిలబడే అయిదుగురు. అంతకుముందు ఏడాది ఆ స్థానాల్లో ఆడినవారిలో నలుగురు అప్పటికి జట్టులో లేరు. మరి ఆ గజం ఎవరి ఖాతాలో రాయాలి? క్వార్టర్‌బ్యాక్ ఖాతాలో రాశారు.

ఆఖరి నాలుగో డౌన్ ఇంకా విడ్డూరం. మ్యానింగ్ విసిరిన బంతిని సహచరుడు జాక్ ఎండ్రీస్ అందుకున్నాడు. కావలసిన గీతకు కాస్త ఇవతలే ఒహాయో స్టేట్ ఆటగాడు కేలబ్ డౌన్స్ అతన్ని పడగొట్టాడు. టెక్సాస్ ఆశలు అక్కడితో సరి. గణాంకాల్లో మాత్రం అది చక్కగా అందిన పాసు, ఆ 17లో ఒకటి! అవతలి జట్టు కొత్త క్వార్టర్‌బ్యాక్ జూలియన్ సాయిన్ ఆ రోజు రాబట్టింది 126 గజాలు. అతను బంతి పోగొట్టుకోలేదు, ఆ తేడా చిన్నది కాదు. మొత్తమ్మీద టెక్సాస్ 336 గజాలు నడిస్తే ఒహాయో స్టేట్ నడిచింది 203. అయినా గెలిచినవాడి నిదానానికి పరిణతి అని పేరు పెట్టారు, ఓడినవాడి పేరే బోలు అన్నారు. ప్రో ఫుట్‌బాల్ ఫోకస్ లాంటి సంస్థలు ప్రతి ఆటగాడికీ ప్రతి ప్లేకూ మైనస్ 2 నుంచి ప్లస్ 2 దాకా అరమార్కు తేడాతో వేసుకుంటూ పోయి చివరికి నూటికి ఇంత అని తేలుస్తాయి. ఓపికతో చేసే పనే, కాదనం. లోపల ఏ ప్లే పిలిచారో, ఎవరు ఎవరిని కాచుకోవాలో బయట కూర్చున్నవారు ఊహించుకోవాల్సిందే. ఆ ఊహకు దశాంశ స్థానం తగిలించగానే అది శాస్త్రమైపోతోంది.

ఇంతవరకూ ఆటలో అరటిపండు. అసలు విషయం ఆ జవాబులో ఉంది.

డబ్బు పుచ్చుకుంటున్నారట. దేనికి పుచ్చుకుంటున్నారు? 2021 జూలై 1 నుంచి ఆటగాళ్లు తమ పేరు, బొమ్మ వాడుకోనిచ్చినందుకు కంపెనీల దగ్గర సొమ్ము తీసుకోవచ్చు. 2025 జూన్ 6న న్యాయమూర్తి క్లాడియా విల్కెన్ ఆమోదించిన ఒప్పందంతో విశ్వవిద్యాలయాలే తమ ఆదాయంలో వాటా నేరుగా పంచవచ్చు. ఒక్కో విశ్వవిద్యాలయానికి 2025-26లో పరిమితి 2.05 కోట్ల డాలర్లు, అదీ అన్ని క్రీడలకూ కలిపి. ఈ రెండు రకాల డబ్బూ ఆడినందుకు కాదని రాతపూర్వకంగా చెబుతున్నది విశ్వవిద్యాలయాలే. వాటాల ఒప్పందాలన్నీ పేరూ బొమ్మా వాడుకునే హక్కు కొన్నట్టుగా రాసుకున్నవి. బయటి కంపెనీతో 600 డాలర్లు, ఆ పైన విలువున్న ప్రతి ఒప్పందాన్నీ ఆటగాడు పరిశీలన కోసం సమర్పించాలి. నిజంగా వ్యాపార ప్రయోజనం ఉన్నదేనా, ఆడినందుకు చాటుగా ఇస్తున్న కూలీయా అని అక్కడ ఆరా తీస్తారు. కూలీ అని తేలితే ఒప్పందం చెల్లదు. కొత్త ఏర్పాటు మొత్తం నిలబడింది ఈ ఒక్క షరతు మీద. సోమవారం నుంచి శుక్రవారం దాకా ‘ఇది ఆటకిచ్చిన జీతం కాదు’ అని ప్రమాణం చేయించి, శనివారం పాసు గురి తప్పగానే ‘జీతం తీసుకుని ఇదా ఆట’ అని నిలదీయడానికి ఎంత గుండె ధైర్యం కావాలి!

అన్నది టీవీ వాళ్లు, విశ్వవిద్యాలయాలకేం సంబంధమని అడగవచ్చు. ఆ టీవీ ఎవరికి డబ్బు కడుతోంది? ఒహాయో స్టేట్ ఉన్న బిగ్ టెన్ కూటమి ఫాక్స్, సీబీఎస్, ఎన్‌బీసీలతో కుదుర్చుకున్న ఏడేళ్ల ఒప్పందం విలువ 700 కోట్ల డాలర్లకు పైమాటే. శనివారం ఆటను ఫాక్స్‌లో చూసినవారు 1.6 కోట్లకు పైగా ఉన్నారు. ఆట ముందూ వెనకా నడిచే ఆ తీర్పుల తతంగమంతా అమ్ముడుపోయే సరుకులో భాగమే. విద్యార్థుల్ని ఉద్యోగుల్లా తూకం వేస్తున్నారేమిటని ఏ విశ్వవిద్యాలయ అధ్యక్షుడైనా ఆ చానళ్లకు ఒక్క ఉత్తరం రాసిన దాఖలా ఉందా? అవ్వా కావాలి, బువ్వా కావాలి.

పోనీ ఉద్యోగులే అనుకుందాం. ఉద్యోగికి ఉండేవి ఏవి? వృత్తిపరమైన లీగ్ ఎన్‌ఎఫ్‌ఎల్‌లో 2025లో కొత్తగా చేరినవాడికి కనీస వేతనం 8.4 లక్షల డాలర్లు. అతనికి యూనియన్ ఉంది. యాజమాన్యంతో కూర్చుని రాసుకున్న ఉమ్మడి ఒప్పందం ఉంది. అన్యాయం జరిగితే ఫిర్యాదుకు చోటుంది, పింఛను ఉంది. అక్కడ ఒక క్వార్టర్‌బ్యాక్‌ను దుమ్మెత్తిపోస్తే అతను తన హక్కుల చేవ మీద నిలబడి తట్టుకుంటాడు. కాలేజీ కుర్రాడికి వీటిలో ఏది ఉంది? అడిగినవారికి ఏం జరిగిందో రికార్డు చెబుతుంది. నార్త్‌వెస్టర్న్ ఫుట్‌బాల్ ఆటగాళ్లు 2014లో యూనియన్ కోరితే 2015లో జాతీయ కార్మిక సంబంధాల బోర్డు అది తన పరిధి కాదని పక్కకు తప్పుకుంది. డార్ట్‌మత్ బాస్కెట్‌బాల్ జట్టు 2024 మార్చిలో 13-2 ఓట్లతో యూనియన్ పెట్టుకుంది. చర్చలకు కూర్చోవడానికే కాలేజీ ఒప్పుకోలేదు, ఏడాది చివరికి యూనియనే పిటిషన్ ఉపసంహరించుకోవాల్సి వచ్చింది. విద్యార్థి క్రీడాకారులన్న ఒక్క కారణంతో వీళ్లు ఉద్యోగులు కారని తోసిపుచ్చలేమని 2024 జూలైలో ఒక ఫెడరల్ అప్పీళ్ల కోర్టు చెప్పింది. కాలేజీ క్రీడలను నడిపే సంస్థ ఎన్‌సీఏఏ ఆ మాటను జీర్ణించుకోలేక వాషింగ్టన్‌కు పరుగెత్తింది. ఫలితమే ‘స్కోర్ యాక్ట్’. కాలేజీ ఆటగాళ్లను ఉద్యోగులుగా పరిగణించరాదని చట్టంలోనే రాసేయమంటున్న బిల్లు అది. 2025 జూలైలో కమిటీ దశ దాటి ప్రతినిధుల సభ గుమ్మానికి చేరింది. కుర్రాళ్లు ఉద్యోగులైతే ఆ బిల్లు ఎందుకు? కాకపోతే ఆ జవాబు ఎందుకు?

మరి ఆ మైదానంలో నిజమైన ఉద్యోగులు ఎవరూ లేరా అంటే, ఉన్నారు. సార్కీజియన్, ఒహాయో స్టేట్ కోచ్ ర్యాన్ డే చెరి ఒక కోటి డాలర్లకు పైగా ఏటా తీసుకుంటున్నారు. వాళ్ల ఒప్పందాలను న్యాయవాదులు అక్షరం అక్షరం చూసి రాస్తారు. టెక్సాస్ ఏ అండ్ ఎమ్ 2023లో జింబో ఫిషర్‌ను సాగనంపడానికి 7.5 కోట్ల డాలర్లకు పైగా చెల్లించడానికి సిద్ధపడింది. ఓడినందుకు అంత పరిహారం! శనివారం ఓటమికి బాధ్యత తనదేనని సార్కీజియన్ ముందుకొచ్చారు, ఆ మర్యాదను మెచ్చుకోవాలి. అయినా అయిదు నాలుగో డౌన్‌లలో నాలుగింట జట్టు విఫలమైతే, వాటిని ఎంచినవాడి మీద పడిన సిరా కంటే విసిరినవాడి మీద పడిన సిరా ఎన్నో రెట్లు ఎక్కువ.

ఇంకో సంగతి. మ్యానింగ్ పేరు చెప్పి మిగతావారందరి నోరూ మూయిస్తున్నారు. ఇంటిపేరు బలంతో ప్రకటనల్లో లక్షలు గడించే కుర్రాడు జట్టుకు ఒకడుంటే గొప్ప. కొత్త నిబంధన ప్రకారం ఫుట్‌బాల్ జట్టులో 105 మంది దాకా ఉండవచ్చు. వాళ్లలో అఫెన్సివ్ లైన్‌లో కొత్తగా నిలబడ్డ కుర్రాడికీ అదే నూటికి ఇంత మార్కుల పట్టీ, అదే వెటకారం. ఎన్‌సీఏఏ సొంత లెక్క ప్రకారమే కాలేజీ ఫుట్‌బాల్ ఆడినవారిలో వృత్తిపరమైన ఆటకు చేరేది నూటికి ఇద్దరు కూడా ఉండరు. ఈ మార్కులు చూసి తిట్టేవాళ్లలో పందెం కాసి పోగొట్టుకున్నవారూ ఉంటారు. కాలేజీ ఆటగాళ్ల వ్యక్తిగత గణాంకాల మీద పందేలను ఒహాయో 2024లోనే నిషేధించిందంటే సమస్య ఎంత ముదిరిందో ఊహించుకోవచ్చు.

ఆస్టిన్, డాలస్, కొలంబస్‌లలో స్థిరపడ్డ తెలుగు కుటుంబాలకు ఈ ధోరణి కొత్తగా కనిపించదు. మొదటి వీక్లీ టెస్టు మార్కులు చూసి పిల్లవాణ్ని కింది సెక్షన్‌కు తోసేసే కార్పొరేట్ కాలేజీల చదువే వాళ్లలో చాలామందిది. అక్కడ ఫీజు కట్టించుకుని ర్యాంకు యంత్రంగా వాడుకునేవారు. ఇక్కడ ఫీజు మాఫీ చేసి వాడుకుంటున్నారు.

ఆటగాళ్ల వైపూ కొత్త సౌకర్యాలున్నాయి, నిజమే: కాలేజీ వదిలాక కూడా కనీసం రెండేళ్లు ఆట గాయాలకు వైద్యం ఇవ్వాలన్న నిబంధన వచ్చింది, నచ్చకపోతే మరో విశ్వవిద్యాలయానికి మారే వెసులుబాటు ఉంది. అవి ఇచ్చినవారే ఇష్టం లేనప్పుడు వెనక్కి తీసుకోగలరు. హక్కుకూ దయకూ ఉన్న తేడా అదే.

స్కోర్ యాక్ట్‌లో ఉద్యోగి హోదాను నిషేధిస్తున్న నిబంధనను ప్రతినిధుల సభ తొలగించాలి. అది తొలగించకుండా మిగతా బిల్లును ఓటుకు పెట్టకూడదు. టెక్సాస్, ఒహాయో స్టేట్ సహా పెద్ద విశ్వవిద్యాలయాలు తమ ఆటగాళ్లు ఎన్నుకున్న ప్రతినిధులతో బల్ల ముందు కూర్చుని వేతనం, వైద్యం, ఫిర్యాదు పద్ధతి రాసుకోవాలి. అలా రాసుకున్నాక ఎవరికి నూటికి ఎన్ని మార్కులు వేసినా మాకు పేచీ లేదు.  ఇకముందూ ప్రతి ఆట తర్వాతా కొత్త మార్కుల పట్టీలు వస్తాయి. వాటి పక్కన ‘డబ్బు పుచ్చుకుంటున్నారు కదా’ అనే ముందు ఆ డబ్బు దేనికిచ్చినట్టు ఒప్పంద పత్రంలో రాసిందో విశ్లేషకులు ఒకసారి చదివి వినిపించాలి.