సున్న ఎక్కడికి పోయింది?

పిల్లలూ! నరసరావుపేటకు టెలిఫోను కోడు 08647. మాచర్లకు 08642. ఈ రెంటినీ కంప్యూటరులో ఎక్సెల్ అనే గళ్ళ పట్టికలో టైపు చేసి, ఎంటర్ మీట నొక్కి చూడండి. 8647, 8642 అని కనబడతాయి. ముందున్న సున్న మాయం! దాన్ని ఎవరు తీశారు?

యంత్రమే తీసింది. అయితే దానికి దురుద్దేశం ఏమీ లేదు. 1979 లో డాన్ బ్రిక్లిన్, బాబ్ ఫ్రాంక్‌స్టన్ అనే అమెరికనులు విసికాల్క్ అనే గళ్ళ పట్టికను తయారుచేశారు. అది లెక్కల కోసం పుట్టింది. తరువాత వచ్చిన ఎక్సెల్ కూడా అంతే. అంకెలు కనబడగానే అది లెక్క అనుకుంటుంది. లెక్కలో 8647 కు ముందు సున్న ఉన్నా లేకపోయినా విలువ ఒకటే కదా! అందుచేత ఆ సున్నను వదిలేస్తుంది.

కాని అంకెలతో రాసినదల్లా లెక్క కాదు. నరసరావుపేట పిన్ కోడు 522601, మాచర్లది 522426. ఈ రెంటినీ కూడితే ఏదో ఒక సంఖ్య వస్తుంది గాని, దానికి అర్థం ఉండదు. ఎందుచేత? పిన్ కోడు అంకెలలో రాసిన పేరు. కూడితే అర్థం వచ్చేది లెక్క, రానిది పేరు. ఈ తేడా మనకు తెలుసు, యంత్రానికి తెలియదు.

ఒక బడిలో పిల్లల పట్టిక తయారవుతున్నదనుకుందాం. ఒక పిల్లవాడి ఇంటి నంబరు 5-12. టైపు చేయగానే అది డిసెంబరు 5 వ తేదీగా మారిపోతుంది! బ్యాంకు ఖాతా నంబరు సంగతి ఇంకా చిక్కు. ఎక్సెల్ ఒక సంఖ్యలో 15 అంకెలను మాత్రమే నిలుపుకోగలదు. 16 అంకెల నంబరు టైపు చేస్తే చివరి అంకె సున్న అయిపోతుంది. అది ఎవరూ చూడకపోతే, ఆ పిల్లవాడికి రావలసిన ఉపకారవేతనం అందకుండా పోవచ్చు.

ఈ చిక్కు పెద్ద పెద్ద శాస్త్రజ్ఞులకు కూడా తప్పలేదు. మన శరీరంలోని ఒక జన్యువుకు మార్చ్1 అని పేరుండేది. ఎక్సెల్ దాన్ని మార్చి 1 వ తేదీ అనుకునేది! ఎక్సెల్ జన్యు పట్టికలు జతచేసిన పరిశోధన వ్యాసాలను 2016 లో పరీక్షించగా, సుమారు అయిదింట ఒక వంతు వ్యాసాలలో ఇలాటి తప్పులు బయటపడ్డాయి. చివరకు 2020 నాటికి ఆ జన్యువు పేరునే మార్చ్‌ఎఫ్1 అని మార్చవలసి వచ్చింది. ఇలా తనంత తాను మార్చకుండా ఆపుకునే వీలును 2023 లో ఎక్సెల్‌లో కల్పించారు.

ఇంకొక వింత ఉన్నది. ఒకే నిలువు వరుసలో పైన "సీతమ్మ" అని రాసి, కింద "సీత" అని రాయబోతే, యంత్రం తొందరపడి మిగిలిన అక్షరాలు తానే చేరుస్తుంది. చూసుకోకుండా ఎంటర్ నొక్కితే సీత కాస్తా సీతమ్మ అవుతుంది! అప్పుడు ముందు డిలీట్ మీట నొక్కి, అదనంగా చేరినదాన్ని తీసివేసి, ఆ తరువాత ఎంటర్ నొక్కాలి.

మరి సున్నను కాపాడడం ఎలా? టైపు చేయకముందే ఆ నిలువు వరుసనంతా ఎంచుకుని, "హోమ్" లో ఉన్న "జనరల్" ను "టెక్స్ట్" గా మార్చాలి. ఒక్క గడికే అయితే, అంకెల ముందు ఒంటి కొటేషన్ గుర్తు పెడితే చాలు. ఆ గుర్తు గడిలో కనబడదు. పోయిన తరువాత "టెక్స్ట్" అని మార్చినా సున్న తిరిగి రాదు, మళ్ళీ టైపు చేయవలసిందే. అందుకే పని ముగియగానే పట్టికను అసలు కాగితంతో సరిచూడడం మంచిది. ఒకరు చదువుతుంటే మరొకరు చూస్తే పని తొందరగా తెములుతుంది. ఇంట్లో పెద్దలు ఇలాటి పట్టికలు రాస్తుంటే ఈసారి మీరు పక్కన కూర్చుని సాయం చేయండి.

ఇప్పుడు చెప్పండి చూద్దాం: పరీక్ష మార్కులు, హాలుటిక్కెట్టు నంబరు, మీ ఎత్తు, మీ ఊరికి వచ్చే బస్సు నంబరు. వీటిలో లెక్కలేవి, పేర్లేవి?