బలాల పేజీ ఎందుకు ఖాళీ?

ఆటిజం ఉన్న విద్యార్థి ఫైలు తిరగేస్తే కళ్లలోకి చూడడు, నలుగురిలో కలవడు, చెప్పిందే చెబుతాడు అంటూ లోపాల చిట్టా కనిపిస్తుంది. ఏ పని అప్పగిస్తే గంటసేపు కదలకుండా చేస్తాడో ఒక్క ముక్క ఉండదు. పదేళ్లుగా అదే వింటూ పెరిగినవాణ్ని ఇంటర్వ్యూలో 'మీ గురించి చెప్పండి' అంటే ఏం చెబుతాడు? 2016 నాటి దివ్యాంగుల హక్కుల చట్టం ప్రభుత్వ కొలువుల్లో 4 శాతం కేటాయించింది. అందులో ఆటిజం, మేధో వైకల్యం, మానసిక అనారోగ్యం వంటివాటన్నిటికీ కలిపి దక్కేది 1 శాతమే. అదైనా అందాలంటే తనకేది చేతనవునో అభ్యర్థికి తెలియాలి. డెన్మార్క్‌లో థార్కిల్ సోనె 2004లో స్థాపించిన స్పెషలిస్టెర్న సంస్థ మామూలు ఇంటర్వ్యూను నమ్ముకోకుండా, అభ్యర్థుల చేతికి లెగో రోబో కిట్లిచ్చి వాళ్లు పనిచేసే తీరును గమనించింది. మన బడులకు రోబోలు అక్కర్లేదు. ఎనిమిదో తరగతి నుంచే లైబ్రరీ పుస్తకాలను నంబర్ల వరసలో సర్దమనొచ్చు, ల్యాబ్ సామాను రిజిస్టరుతో సరిచూడమనొచ్చు. తప్పు ఎక్కడ పట్టుకున్నాడో, ఏ చప్పుడుకి చెదిరిపోయాడో రాసిపెట్టి, ఆ కాగితం ముందుగా అతనికే చూపించాలి. సినిమాల్లోలాగా అందరూ మేధావులు కారు, లేనిపోని ఆశలు పెట్టొద్దు అంటారు కొందరు. నిజమే, కానీ అద్భుతాలు ఎవరడిగారు? నిశ్శబ్దమైన గదిలో, రాసిచ్చిన సూచనలతో, స్టాకు లెక్క తేడా రాకుండా చూడగలడంటే యజమానికి అంతకన్నా కావలసిందేముంది? మాటలు రాని పిల్లలకైతే బొమ్మల కార్డులిచ్చి, నచ్చిన పనిని వాళ్లనే ఎంచుకోనివ్వొచ్చు. వద్దన్నదాన్ని కూడా అదే ఫైల్లో రాయాలి.