సొరను కాపాడండి, వల తెగిన జాలరిని కూడా!

రైతుకూలీల శీర్షికలో సొరచేప గొడవ ఏమిటని కొందరు మిత్రులు అడగవచ్చు. శ్రీకాకుళం జిల్లా తీరగ్రామాలకు వెళ్ళి చూడండి. ఇక్కడ బతుకు గడవక ఎందరో గుజరాత్‌లోని వేరావల్‌కు పోయి బోట్ల మీద కలాసీలుగా కూలి చేస్తున్నారు. 2018లో పాకిస్తాన్‌కు పట్టుబడి, 2020 జనవరిలో విడుదలై ఇల్లు చేరిన ఉత్తరాంధ్ర జాలర్లు అలా వలసపోయినవారే. వరి కోసే కూలీకీ, పరాయి బోటులో వల లాగే కలాసీకీ తేడా ఏముంది?

అదే వేరావల్ తీరాన ఒకప్పుడు తిమింగల సొరను వేటాడేవారు. పేరులో తిమింగలం ఉన్నా అది చేపే, చేపలన్నిటిలోకీ పెద్దది. 12 మీటర్లు దాటి కూడా పెరుగుతుంది. అంత నోరు పెట్టుకుని తినేది నీటిలో తేలే సన్న జీవుల్ని, చిన్న చేపల్ని. మనిషి జోలికి రాదు. దానికి కొక్కెం గుచ్చి, తాడుకు పీపాలు కట్టి, అది ఈడ్చి ఈడ్చి అలిసిపోయాక చంపేవారు. అందుకే అక్కడ దాని పేరే ‘బ్యారెల్’ అయింది. వెనక దాని కాలేయం నూనె పడవలకు పూసుకునేవారు, అది జాలరి అవసరం. 1990లలో మాంసానికి తైవాన్ బేరం వచ్చాక అది ఎగుమతి వ్యాపారమైంది. పీపా కట్టినవాడికి దక్కింది కూలి, ఎగుమతిదారుకు డాలర్లు!

2001లో కేంద్రం ఈ సొరను వన్యప్రాణి చట్టం మొదటి షెడ్యూలులో చేర్చింది. పులికి ఉన్న రక్షణే దీనికీ. చంపితే మూడేళ్ళ నుంచి ఏడేళ్ళ జైలు. మంచిదే, మేము కాదనం. ఆలస్యంగా ఈడుకొచ్చే జీవి ఇది. ఒకసారి తరిగిపోతే మళ్ళీ పెరగడానికి తరాలు పడుతుంది.

అయితే జైలు భయం ఒక్కటే పనిచేసిందా? 2004లో మొరారీ బాపు అక్కడి జాలర్లకు, ఇది పురుటికి పుట్టింటికొచ్చిన ఆడబిడ్డ వంటిదని చెప్పారు. ఆ మాట జనం గుండెకు తాకింది. కానీ మాట ఎంత తీయనిదైనా అప్పు తెచ్చి కొన్న వలను కోసుకోమంటే ఎవడు కోస్తాడు? సొరను వదలడానికి వల కోసినవాడికి గుజరాత్ ప్రభుత్వం నష్టపరిహారం ఇచ్చింది. వందలాది సొరలు ప్రాణాలతో సముద్రంలోకి తిరిగి పోయాయంటే అసలు కిటుకు అక్కడుంది.

మన జాలర్లేమీ తక్కువ తినలేదు. 2021 డిసెంబరులో విశాఖ దగ్గర తంతడి తీరానికి తిమింగల సొర కొట్టుకొస్తే, మత్స్యకారులు, అటవీ సిబ్బంది కలిసి దాన్ని మళ్ళీ లోతు నీటికి పంపారు. ఒడ్డున పడ్డ సొరను నీళ్ళలోకి నెట్టడం ఒక ఎత్తు, నడిసంద్రంలో వల కోసుకోవడం ఇంకో ఎత్తు. అది ఒక్క రోజు వేట కాదు, ఆ నెల ఇంటి గ్రాసం.

తప్పంతా ట్రాలర్లదేనని మేమనం. నాటు పడవల వలల్లోనూ సొరలు చిక్కుతాయి. బాలింతకు పాలు పడతాయని సొరపుట్టు వండిపెట్టే ఇళ్ళు మనవే. కానీ ఇంటి కూరకు పట్టిన చిన్న సొర వేరు, రెక్కల కోసం సాగిన వ్యాపారం వేరు. రెక్కలు మాత్రమే కోసుకుని మొండేన్ని సముద్రంలో పారేయకూడదని 2013లోనూ, సొర రెక్కల ఎగుమతి అసలే కూడదని 2015లోనూ ఉత్తర్వులు రావలసి వచ్చింది. అడుగంటా ఊడ్చే ట్రాలు వల పిల్ల చేపను, గుడ్డు చేపను చూస్తుందా? ఒడ్డు నుంచి 8 కిలోమీటర్లు నాటు పడవలకని రాసుకున్న నిబంధన ఉంది. రాత్రిళ్ళు దాన్ని ఎవరు మీరుతున్నారో తీరాన పిల్లవాణ్ణి అడిగినా చెబుతాడు.

కనుక కేసులు రాయడానికి వచ్చే అధికార్లు ముందు ఆ 8 కిలోమీటర్ల గీత మీద కాపలా పెట్టాలి. సొర కోసం తెగిన వలకు ఆ వారంలోనే డబ్బు చేతికందాలి. ఆఫీసు చుట్టూ తిప్పించుకుంటే రెండోసారి ఎవరూ కత్తి తీయరు. ఆ డబ్బు బోటు ఓనరు ఖాతాలో పడి ఆగిపోకుండా, వేట పోయిన కలాసీకి కూడా అతని వాటా అందాలి. మత్స్యకార సంఘాలు, వ్యవసాయ కార్మిక సంఘాలు కలిసి పెట్టవలసిన అర్జీ ఇది. వేట నిషేధం ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా. ఆ రెండు నెలలూ పడవలు ఒడ్డునే, మనుషులు ఊళ్ళోనే ఉంటారు. సంతకాలు సేకరించడానికి అంతకన్నా మంచి అదను లేదు.