బిడ్డతోనే వస్తాం

తెలంగాణలో 2017లో ఒంటరి మహిళలకు నెలకు 1000 రూపాయల పింఛను మొదలైంది. 2019లో అది 2016 రూపాయలయింది. ఆ డబ్బు మాకు అవసరమే, కాదనం. కానీ ఆ కాగితంతో పాటు ఒక పేరు కూడా మా గూడేలకు వచ్చింది. మొగుడు పోయినవాళ్లం, మొగుడు వదిలేసినవాళ్లం, మేమే వదిలేసి వచ్చినవాళ్లం, పింఛను వచ్చినా రాకున్నా అందరం ‘ఒంటరి’వాళ్లమే అయిపోయాం. చంకలో ఒకరు, కొంగు పట్టుకుని ఒకరు ఉండగా ఒంటరి ఎట్లా అవుతామో మాకైతే తెలియదు.

సాహిత్య సభల్లోనూ అదే మాట. “ఒంటరిగా పిల్లల్ని సాకుతూ కూడా రాస్తోంది” అని చప్పట్లు కొడతారు. ఆ ‘కూడా’తోనే మాకు పేచీ. నలుగురు పిల్లలున్న సారు కథ రాస్తే, పిల్లలుండి కూడా రాశాడని ఎవరైనా అన్నారా? ఆయన ఇంట్లో పొయ్యి ఎవరు ముట్టిస్తున్నారో ఎవరూ అడగరు.

పొగడ్త పక్కన పెట్టండి. మీ రచనా శిబిరాలు ఎప్పుడు పెడుతున్నారో చూడండి. మే నెలలో. సార్లకు సెలవులు కదా! మాకు అది తునికాకు నెల. తెల్లారకముందే అడవికి పోయి కోసుకొచ్చి, 50 ఆకులకొక కట్ట కట్టి, పొద్దుగూకే లోపు కల్లంలో అప్పజెప్పాలి. ఆశ్రమ పాఠశాల పిల్లలు ఇంటికొచ్చేదీ అప్పుడే. ఏడాదంతా హాస్టల్లో ఉన్న బిడ్డను వదిలి, మూడు రోజుల కూలి పోగొట్టుకుని పట్నం వచ్చేదెవరు? రాకపోతే “ఆడవాళ్లు రాయడం లేదు” అని నివేదికలో రాసుకుంటారు.

గూడెంలో బిడ్డ అందరి బిడ్డ కదా, ఎవరో ఒకరు చూస్తారులే అంటారు కొందరు. ఒకప్పటికి నిజమే. ఇప్పుడు మిరప కోతలకు సగం గూడెం ఖమ్మం, గుంటూరు చేలకు పోతోంది. ముసలమ్మ కూడా మూట కట్టుకుని పోతోంది.

ముందు పిల్లల్ని పెంచుకో, తర్వాత రాయొచ్చు, కథ ఎక్కడికి పోతుంది అంటారు ఇంకొందరు. పోతుంది. కోయలో, గోండిలో పాత మాటలు తెలిసిన అవ్వ, మా పిల్లలు పెద్దయ్యేదాకా ఆగదు.

అసలు మేం చేయడం లేదని ఎవరన్నారు? బిడ్డను నిద్రపుచ్చుతూ కట్టిన పాటను ఫోనులో ఎక్కించుకుపోయి పుస్తకంలో వేస్తారు. సేకర్త పేరు అట్ట మీద పెద్దక్షరాల్లో ఉంటుంది. పాట కింద మాత్రం ‘రచయిత తెలియదు’. కట్టినామె అక్కడే వడ్లు దంచుతూ ఉంది, అడిగితే చెప్పేది!

టీచర్లూ, తేదీ వేసే ముందు మమ్మల్ని అడగండి. సభ మండల కేంద్రంలో పెట్టండి, ఆఖరి బస్సుకు ముందే ముగించండి. దారిఖర్చు బిడ్డకు కూడా కలిపి ఇవ్వండి. కాగితం మీద రాయలేకపోతే గొంతుతో పంపిన కథను కూడా కథగానే తీసుకోండి. తమ్ముళ్లూ, మీరు కుర్చీలు మోస్తారు, మైకులు సర్దుతారు, మంచిదే. మేం చదివే ఆ పావుగంట పిల్లల్ని కూడా ఎత్తుకోండి.

మేడారంలో సమ్మక్క గద్దె, ఆమె బిడ్డ సారలమ్మ గద్దె పక్కపక్కనే ఉంటే మొక్కుతున్నాం. మన సభలో మాత్రం పాప ఏడ్చిందని తల్లిని బయటికి పంపిస్తున్నాం. ఈసారి మేం బయటికి పోం. ఏడిస్తే మైకు దగ్గరే ఎత్తుకుని చదువుతాం.