"తెలియదు" అంటే ఓడిపోయినట్టా?

కిందటి శీతాకాలంలో మా సంఘం తరఫున ఒక ఊరి హైస్కూల్లో మహిమల గుట్టు విప్పే కార్యక్రమం పెట్టాం. నాలుక మీద కర్పూరం వెలిగించడం, గాల్లోంచి విభూతి తీయడం, పసుపు సున్నంతో "రక్తం" రప్పించడం లాంటి మామూలు అంశాలన్నీ అయ్యాక చివరిది నాది. ఒక నల్లటి బిళ్ళ, ఒక థర్మోకోల్ గిన్నె, ఒక చిన్న అయస్కాంతం, ఇవే నా సరంజామా. ద్రవ నైట్రోజన్ ఎక్కడిది అంటారా? పశువుల ఆసుపత్రుల్లో ఎద్దు వీర్యాన్ని నిలవ ఉంచేది అందులోనే కదా! వాళ్ళకి సరఫరా చేసే ఆయన్ని బతిమాలి రెండు లీటర్లు తెచ్చుకున్నాం.

బిళ్ళ చల్లబడింది. అయస్కాంతం దానిపైన గాల్లో తేలింది. పిల్లలు కేరింతలు కొట్టారు. అప్పుడు వెనక వరుసలోంచి ఒక పెద్దాయన లేచారు.

"మాష్టారూ, కర్పూరం నాలుకను ఎందుకు కాల్చదో చెప్పారు, బాగుంది. ఇదెందుకు తేలుతోందో కూడా చెప్పండి."

"చల్లబడ్డాక ఈ బిళ్ళలో కరెంటుకి అడ్డు ఉండదండీ. అయస్కాంత క్షేత్రాన్ని బయటికి నెట్టేస్తుంది."

"అది ఏం జరుగుతోందో చెప్పారు. ఎందుకు జరుగుతోంది?"

"లోపల ఎలక్ట్రాన్లు జతలు కడతాయి."

"ఎందుకు కడతాయి?"

"ఈ పదార్థంలో వాటిని జతకట్టించేది ఏమిటన్న దానిమీద శాస్త్రజ్ఞులు ఇంకా ఒక మాట మీదికి రాలేదండీ. తెలియదు."

"అదీ మాట! మీకూ తెలియనిది ఒకటుంది. మేం దణ్ణం పెట్టేది దానికే బాబూ!"

చప్పట్లు మోగాయి. ఈసారి నాకు కాదు.

తిరిగి వచ్చేటప్పుడు ఆటోలో మా కార్యకర్త ఒకాయన నా మీద విరుచుకుపడ్డాడు. "జనం ముందు తెలియదు అని ఎందుకన్నారండీ? క్వాంటమ్ మెకానిక్స్ అని ఒక ముక్క పడేస్తే పోయేదిగా!" అన్నాడు. ఆ రాత్రి ఆయనకి జవాబు చెప్పలేకపోయాను. ఇప్పుడు చెబుతున్నాను.

ముందు తెలిసిన సంగతులు చూద్దాం. 1911లో నెదర్లాండ్స్‌లోని లైడెన్‌లో కామర్లింగ్ ఓనెస్ పాదరసాన్ని 4.2 కెల్విన్ దాకా (అంటే సుమారు మైనస్ 269 సెల్సియస్) చల్లబరిస్తే దాని విద్యుత్ నిరోధం మాయమైంది. ఎందుకో చెప్పడానికి 46 ఏళ్ళు పట్టింది. 1957లో బార్డీన్, కూపర్, ష్రీఫర్ సిద్ధాంతం వచ్చింది. స్ఫటికంలోని పరమాణువుల కంపనాలు ఎలక్ట్రాన్లను జతకట్టిస్తాయని, ఆ జతలు అడ్డు లేకుండా ప్రవహిస్తాయని అది చెప్పింది. 1986లో జ్యూరిక్ దగ్గర ఐబీఎం ప్రయోగశాలలో బెడ్నార్జ్, ముల్లర్ రాగి ఆక్సైడ్‌లో కొత్త రకం అతివాహకతను కనిపెట్టారు. మరుసటి ఏడే అమెరికాలో పాల్ చూ, మావ్-క్వెన్ వూ బృందాలు ఇట్రియమ్, బేరియమ్, రాగి, ఆక్సిజన్‌ల పదార్థాన్ని 90 కెల్విన్ పైనే అతివాహకంగా చూపాయి. ద్రవ నైట్రోజన్ 77 కెల్విన్ దగ్గర మరుగుతుంది కాబట్టి హైస్కూలు వరండాలో కూడా ప్రదర్శించవచ్చు. నా నల్ల బిళ్ళ అదే. దీన్ని వివరించడానికి పాత సిద్ధాంతం చాలలేదు. అందుకే ఇలాంటి వాటిని అసాధారణ అతివాహకాలు అంటున్నారు.

మరి లోపల ఏం జరుగుతోందో కనుక్కోవడం ఎలా? నిరోధం కొలవడం సులువే. నాలుగు తీగలు అతికించి, రెండింటి గుండా కరెంటు పంపి, మిగతా రెండింటి మధ్య వోల్టేజి చూస్తారు. కానీ నిరోధం సున్నా అయ్యాక మీటరు ఇంకేమీ చెప్పదు. సున్నా సున్నాయే. అక్కడ అక్కరకొచ్చేవి మైక్రోవేవ్‌లు. ఒకే దిశలో పోయే కరెంటును జతలే మోసేస్తాయి, నష్టం ఉండదు. సెకనుకి కోట్లసార్లు దిశ మారే మైక్రోవేవ్ తగిలితే మాత్రం జత కట్టని ఎలక్ట్రాన్లు కూడా కదిలి, కాస్త శక్తిని వేడిగా మారుస్తాయి. పైగా ఆ తరంగం ఉపరితలం నుంచి కొంత లోతుకు చొరబడుతుంది. మన బిళ్ళ పదార్థంలో ఆ లోతు సుమారు 150 నానోమీటర్లు.

కొలిచే పద్ధతి తెలుగువాళ్ళకి చెప్పడం తేలిక, మనకి జలతరంగిణి తెలుసు. గిన్నెలో నీళ్ళు కాస్త పెరిగినా స్వరం మారుతుంది. ఇక్కడ గిన్నె ఒక లోహపు అనునాదిని, అందులో మోగేది మైక్రోవేవ్. లోపల స్ఫటికం పెడితే స్వరం మారుతుంది. ఎంత మారిందో చూస్తే తరంగం చొరబడే లోతు ఎంత పెరిగిందో తేలుతుంది. మోత ఎంతసేపు నిలిచిందో చూస్తే ఎంత శక్తి వేడిగా పోయిందో తెలుస్తుంది. గిన్నెను చల్లగా ఉంచి స్ఫటికాన్ని మాత్రమే వేడిచేయడానికి దాన్ని ఒక నీలం కడ్డీ మీద నిలబెడతారు. ఈ పద్ధతిని 1988లో బోస్టన్‌లోని నార్త్ ఈస్టర్న్ విశ్వవిద్యాలయం నుంచి శ్రీధర్, కెనడీ వివరించారు. శని పీడ పోవాలని మనవాళ్ళు వేలికి పెట్టుకునే నీలమే అది! ప్రయోగశాలలో అది వేడిని బాగా మోస్తుంది, మైక్రోవేవ్‌ను దాదాపు మింగదు. ఆ రెండు పనులూ చేస్తుందని ఎవరైనా కొలిచి చూసుకోవచ్చు.

ఇంతకీ దేనికోసం కొలిచారు? చేను చుట్టూ కంచె ఉందనుకోండి. కంచె అన్ని వైపులా ఒకే ఎత్తులో ఉంటే చిన్న జీవాలేవీ దాటలేవు. పాత రకం అతివాహకం అలాంటిది. బాగా చల్లగా ఉన్నప్పుడు కొంచెం వేడి చేసినా జతలు విడిపోవు, చొరబడే లోతు మారదు. అదే కంచె నాలుగు చోట్ల నేలకి వాలిపోయి ఉంటే కోడిపిల్ల కూడా దాటుతుంది. అప్పుడు ఏ కాస్త వేడికైనా కొన్ని జతలు విడిపోతాయి, లోతు వేడితో పాటు సరళరేఖలా పెరుగుతుంది. కొత్త పదార్థాల్లో కంచె ఏ రకం? మొదటి ఆరేళ్ళలో చాలా కొలతలు పాత రకమే అన్నట్టు వచ్చాయి. పేరున్న ప్రయోగశాలల నుంచే వచ్చాయి.

1993లో వాంకూవర్‌లోని బ్రిటిష్ కొలంబియా విశ్వవిద్యాలయంలో హార్డీ, బాన్, లియాంగ్ బృందం దాదాపు 900 మెగాహెర్ట్జ్ దగ్గర కొలిచి సరళరేఖను చూపింది. ఒక్కో కెల్విన్‌కి పెరుగుదల సుమారు 0.4 నానోమీటరు, అంటే ఒకటి రెండు పరమాణువుల మందం! మరి ముందువాళ్ళకి ఎందుకు కనబడలేదు? చాలావరకు నమూనాల్లోని లోపాల వల్ల. వాంకూవర్ వాళ్ళు ఊరుకోకుండా తమ స్ఫటికంలో కావాలని కొద్దిగా జింకు కలిపి చూశారు. సరళరేఖ వంగిపోయింది. అంటే మురికి నిజాన్ని ఎలా దాచిపెడుతుందో కూడా ప్రయోగం చేసి చూపించారన్నమాట. తర్వాత ఇల్లినాయ్‌లో వాన్ హార్లింజెన్ బృందం, ఐబీఎంలో సూయీ, కర్ట్లీ మైక్రోవేవ్‌తో సంబంధం లేని వేరే పద్ధతుల్లో అదే నిర్ణయానికి వచ్చారు.

స్ఫటికం పెంచే పని కంసాలి పని లాంటిది. మూసలో అన్నీ కరిగించి రోజుల తరబడి మెల్లగా చల్లారుస్తారు. చిక్కేమిటంటే ఆ ద్రవం మూసనే తినేస్తుంది. అల్యూమినా మూస వాడితే అల్యూమినియం స్ఫటికంలోకి చేరి రాగి స్థానంలో కూర్చుంటుంది. 1995లో జెనీవాలో అర్బ్, వాకర్, ఫ్లూకిగర్ బేరియమ్ జిర్కొనేట్‌తో మూస చేసి ఆ బెడద తప్పించారు. నిజం తెలియాలంటే ముందు గిన్నె మార్చాల్సి వచ్చింది. అబ్రహాం కోవూర్ బాబాలకి సవాలు విసిరినప్పుడు మోసానికి తావులేని పరిస్థితుల్లో చేసి చూపమని షరతు పెట్టాడు. ఈ శాస్త్రజ్ఞులు ఆ షరతును తమకి తామే పెట్టుకున్నారు.

"సైన్సు కూడా మాట మారుస్తుందిగా" అంటారు కొందరు. మారుస్తుంది. స్ట్రాన్షియమ్ రుథినేట్ అనే స్ఫటికం కథ వినండి. 1994లో జపాన్‌లో మాయెనో బృందం అది అతివాహకమని కనిపెట్టింది. 1998లో ఇషిదా బృందం అయస్కాంత అనునాదంతో కొలిచి, అందులో ఎలక్ట్రాన్ల స్పిన్‌లు ఒకే వైపు తిరిగి జతకడుతున్నాయని చెప్పింది. ఇరవై ఏళ్ళు చాలామంది దాన్నే నమ్మారు. 2019లో కాలిఫోర్నియాలో స్టువర్ట్ బ్రౌన్ బృందం ఆ కొలతను మళ్ళీ చేసి, కొలవడానికి పంపే రేడియో తరంగమే నమూనాను వేడి చేస్తోందని బయటపెట్టింది. శక్తి తగ్గించి పంపితే ఫలితం తారుమారైంది. అప్పుడు ఇషిదా, మాయెనో ఏం చేశారు? తామే మళ్ళీ కొలిచి, కొత్త ఫలితమే సరి అని 2020లో ప్రకటించారు. ఏ పీఠాధిపతి అయినా ఇరవై ఏళ్ళ కిందట తాను చెప్పింది తప్పని తన చేతులతో తానే రుజువు చేసిన సందర్భం నేనైతే వినలేదు.

ఇక "క్వాంటమ్" అని ఒక ముక్క పడేయడం సంగతి. ఆ పని చేయడానికి బాబాలు చాలు, మనం అక్కర్లేదు. మహర్షి మహేశ్ యోగి అనుచరులు అతివాహకం అయస్కాంత క్షేత్రాన్ని నెట్టేసే తీరును ఉదాహరణగా చూపి, సామూహిక ధ్యానం వల్ల దేశం కూడా అలాగే అజేయమవుతుందని ప్రచారం చేశారు. మైక్రోవేవ్ కొలిచినవాడికి ఆ మాట వింటే నవ్వొస్తుంది. క్షేత్రం 150 నానోమీటర్లు లోపలికి రానే వస్తుంది. ఇంకా బలం పెంచితే సుడులుగా గుచ్చుకుని లోపల నిలుస్తుంది. బిళ్ళ వేడెక్కితే అజేయత మొత్తం ఆవిరే. పోలిక తెచ్చుకున్నవాళ్ళు పోలికలో సగమే తెచ్చుకున్నారు.

కానీ ఇతరుల్ని అనేముందు నా సంగతి కూడా చెప్పాలి. 2023 జులైలో కొరియా నుంచి ఎల్‌కే-99 వార్త వచ్చింది. మామూలు గది వేడి దగ్గరే అతివాహకం అన్నారు. అయస్కాంతం మీద సగం లేచి నిలబడిన చిన్న ముక్క వీడియో చూశాను. ముప్పై ఏళ్ళు ఫిజిక్సు చెప్పినవాణ్ణి, ఒక్క నిమిషం ఆగలేదు. "చరిత్ర మారింది" అని రాసి మా సంఘం గ్రూపులో పంపేశాను. ఢిల్లీ నేషనల్ ఫిజికల్ లాబొరేటరీలో అవానా బృందం చేసి చూసి, అతివాహకత కనబడలేదంది. నిరోధం పడిపోవడానికి మలినంగా చేరిన రాగి సల్ఫైడ్ కారణమని, అది దాదాపు 104 డిగ్రీల సెల్సియస్ దగ్గర నిర్మాణం మార్చుకుంటుందని తేలింది. ఆగస్టులో స్టుట్‌గార్ట్‌లోని మాక్స్ ప్లాంక్ సంస్థవాళ్ళు మలినం లేని స్ఫటికాన్ని పెంచి చూస్తే అది అతివాహకం కాదు సరికదా, కరెంటే పారని బంధకం! మళ్ళీ అదే పాఠం, గిన్నె శుభ్రమైతే నిజం బయటపడింది. నేను గ్రూపులో తప్పు ఒప్పుకున్నాను. ఆ వీడియో పంపిన నాకూ, గణేశుడు పాలు తాగాడని 1995లో గుడి ముందు వరుస కట్టినవాళ్ళకీ ఆ ఒక్క నిమిషంలో తేడా లేదు. తేడా ఏదైనా ఉంటే అది తర్వాతి పదిహేను రోజుల్లో ఉంది.

ఇప్పుడు పెద్దాయన మాటకి వస్తాను. ఆయన అనుకున్నట్టు నా "తెలియదు" చీకటి గది కాదు. ఎలక్ట్రాన్లు జతకడతాయని తెలుసు. జతల బలం నాలుగు దిశల్లో సున్నా అవుతుందని తెలుసు. ఎంత మురికి చేరితే ఏం చెడుతుందో తెలుసు. జతకట్టించేది ఏమిటన్నది ఒక్కటే ఇంకా తేలలేదు. చుట్టూ సర్వే రాళ్ళు పాతిన జాగా అది. అక్కడ దేవుణ్ణి కూర్చోబెడితే ఆయన ఒక జవాబు చెప్పాలి: జింకు కలిపితే సరళరేఖ ఎందుకు వంగుతుంది? చెప్పలేకపోతే ఆయన అక్కడ చేస్తున్న పనేమీ లేదు. 1957కి ముందు పాదరసం విషయంలో కూడా ఇలాంటి జాగా ఉండేది. అది పూడింది దణ్ణాలతో కాదు.

మా కార్యకర్త మిత్రుడికి చెప్పేది ఇది. తెలియనిదాన్ని తెలుసన్నట్టు ఒక పెద్ద మాటతో కప్పేస్తే ఆ రోజు చప్పట్లు మనకే పడేవి. కానీ ఆ హాల్లో కూర్చున్న పిల్లలు నేర్చుకునేదేమిటి? గట్టిగా చెప్పినవాడి మాట నమ్మాలని! అది నేర్పడానికి ఆ ఊళ్ళో ముందే చాలామంది ఉన్నారు.

కార్యక్రమం అయ్యాక తొమ్మిదో తరగతి అమ్మాయి ఒకతె బిళ్ళ దగ్గరికి వచ్చి, "అయితే సార్, అది ఎవరు కనుక్కుంటారు?" అని అడిగింది. "ఇంకా ఎవరూ కనుక్కోలేదమ్మా" అన్నాను. ఆ పిల్ల బిళ్ళ మీద మంచు కరిగేదాకా అక్కడే నిలబడింది. వచ్చే నెల ఇంకో ఊళ్ళో కార్యక్రమం ఉంది. అక్కడా ఎవరైనా ఎందుకని అడిగితే నా జవాబు "తెలియదు" అనే. కాకపోతే ఈసారి అక్కడితో ఆపను, తెలిసినవన్నీ వరసగా చెప్పాకే కూర్చుంటాను.