వెళ్లిపోయే దొరకు 36 కోట్లు, మన పి.ఎఫ్.కు ఏడాది తాళం



సర్జాపుర రోడ్డు మీద, దొడ్డకన్నెల్లిలో విప్రో కంపెనీ ప్రధాన కార్యాలయం ఉంది. షిఫ్టుకు వెళ్తూ వస్తూ మనలో చాలామంది చూసిందే. ఆ కంపెనీ సి.ఇ.ఒ. థియరీ డెలాపోర్ట్ ఐదేళ్ల గడువు తీరకుండానే 2024 ఏప్రిల్‌లో రాజీనామా చేశారు. వెళ్లేటప్పుడు ఆయనకు నగదుగా 43 లక్షల డాలర్లు, అంటే సుమారు 36 కోట్ల రూపాయలు ఇవ్వడానికి బోర్డు ఒప్పుకుంది. షేర్లు వేరే. అన్నీ కలిపి 2023-24 సంవత్సరానికి ఆయన లెక్క దాదాపు 166 కోట్లు.

నెలకు 12 వేలు తెచ్చుకునే మన టైలరక్క 36 కోట్లు సంపాదించాలంటే 2,500 ఏళ్లు మిషన్ ముందు కూర్చోవాలి. బుద్ధుడి కాలంలోనే పనిలో చేరి ఉండాల్సింది!

అదే కంపెనీ 2023 ఫిబ్రవరిలో, ఏడాదికి ఆరున్నర లక్షలు ఇస్తామని మాటిచ్చిన కొత్త కుర్రాళ్లను మూడున్నర లక్షలకే చేరతారా అని అడిగింది. మెడలో కార్డు వేసుకున్నవాళ్లకూ ఇదే గతి అన్నమాట.

ఇక మన సంగతి. మన జీతంలో నూటికి 12 చొప్పున కోసి పి.ఎఫ్.లో వేస్తారు. యాజమాన్యం కట్టే వాటా కూడా మన కష్టార్జితమే, ఎవరి దానమూ కాదు. ఆ వాటాను 58 ఏళ్లు నిండేదాకా ముట్టుకోకూడదని కేంద్ర ప్రభుత్వం 2016 ఫిబ్రవరిలో ఉత్తర్వు తెచ్చింది. ఏప్రిల్ 18న బొమ్మనహళ్లి దగ్గర గార్మెంట్ అక్కచెల్లెళ్లు హోసూరు రోడ్డెక్కారు. ఏ సంఘం పిలుపూ లేదు, ఏ నాయకుడూ ముందు నడవలేదు. లాఠీలు లేచాయి, బస్సులు తగలబడ్డాయి. మర్నాడే ప్రభుత్వం ఉత్తర్వును వెనక్కు తీసుకుంది.

పదేళ్లయినా తిరగలేదు. 2025 అక్టోబరు 13న పి.ఎఫ్. కేంద్ర ధర్మకర్తల మండలి ఇంకో నిర్ణయం చేసింది. పని పోయినవాళ్లు రెండు నెలలకు పూర్తిగా తీసుకోగలిగిన సొమ్ముకు ఇకమీదట 12 నెలలు ఆగాలట! పెన్షన్ సొమ్ముకైతే 36 నెలలు. ముప్పాతిక వంతు వెంటనే ఇస్తున్నాం కదా అంటున్నారు. మంచిదే. మరి మిగతా పాతిక వంతు ఎవరిది? ఖాతాలో ఉంటే వడ్డీ వస్తుంది, ముసలితనానికి పనికొస్తుంది అని పాఠం చెబుతున్నారు. చీటీలు కట్టి పిల్లల్ని చదివించేవాళ్లకా పొదుపు నేర్పడం? 2024-25లో పి.ఎఫ్. వడ్డీ ఏడాదికి నూటికి 8.25. బయట మూడు రూపాయల వడ్డీకి తెస్తే ఏడాదికి నూటికి 36 కట్టాలి. మన డబ్బు అక్కడ తాళంలో ఉండగా, మనం ఇక్కడ ఇంటి బాడుగకు అప్పు చేయాలి. ఇదేం పొదుపు?

పైగా మనం పని మానేది మన ఇష్టంతోనా? ఐదేళ్లు నిండితే గ్రాట్యుటీ ఇవ్వాల్సి వస్తుందని, కొద్ది నెలల ముందే రాజీనామా రాయించుకునే యాజమాన్యాలు లేవా? గడువు తీరకుండా వెళ్లిన దొరకు కోట్లు, గడువు తీరనివ్వకుండా వెళ్లగొట్టిన కార్మికురాలికి సున్నా!

పని పోయిన రెండు నెలలకు పి.ఎఫ్. మొత్తం చేతికి రావాలి. ఇది మన డిమాండు. ఇంకొకటి. షేర్ మార్కెట్‌లో ఉన్న కంపెనీ తన డైరెక్టర్ల జీతం నడిమి ఉద్యోగి జీతానికి ఎన్ని రెట్లో ఏటా చెప్పాలని 2013 కంపెనీల చట్టం అంటోంది. వేతన చర్చల్లో ఆ అంకెను బల్ల మీద పెట్టి మాట్లాడదాం. పి.ఎఫ్. కాగితాలు ఆగిపోయినవాళ్లు ఆదివారం పాస్‌బుక్కు, ఆధార్ తీసుకుని సంఘం ఆఫీసుకు రండి.