రాత్రిపని – కార్మికుల యారోగ్యము

చిలకలూరిపేట, గణపవరము, మార్టూరు ప్రాంతముల నూలుమిల్లులలో యంత్రములకు రాత్రి యనునది లేదు. మన నల్లరేగడి నేలలలో పండిన పత్తి జిన్నింగు మిల్లులలో గింజ విడిచి, అచ్చట రేయింబవళ్లు నూలుగా మారుచున్నది. మిరపకాయల దిగుబడి కాలమున గుంటూరు యార్డునకు రాత్రులందును లారీలు వచ్చుచునే యుండును. యంత్రము అలయదు. దానిని నడపు మనుష్యుని మాట యేమి?

మానవదేహమున పగటిరాత్రుల ననుసరించి నడచు గడియార మొకటి కలదు. పండ్ల యీగలయందు దాని మర్మమును కనుగొనిన హాల్, రాస్‌బాష్, యంగ్ అను అమెరికా శాస్త్రజ్ఞులకు 2017లో నోబెల్ బహుమాన మీయబడెను. రాత్రి దీపకాంతిలో పనిచేయువానికి నిద్రను సూచించు మెలటోనిను తగ్గును. అకాలభోజనము సరిగా జీర్ణము కాదు. అంతర్జాతీయ క్యాన్సరు పరిశోధనాసంస్థ 2007లోను, మరల 2019లోను, ఇట్టి పనిని బహుశః క్యాన్సరు కలిగింపగల వానిలో చేర్చినది. ముప్పది సంవత్సరములు, అంతకు మించి రాత్రిపని చేసిన అమెరికా నర్సులకు రొమ్ముక్యాన్సరు ముప్పు 36 శాతము హెచ్చని 2001లో ప్రకటింపబడెను. 2016లో బ్రిటనునందు వెలువడిన పరిశోధన అట్టి సంబంధము కానరాదనెను. కావున క్యాన్సరు విషయమున వివాదము తీరలేదు. కాని మధుమేహము, హృద్రోగములను గూర్చియు హెచ్చరికలు వెలువడినవి. నిద్రలేమిని గూర్చి మాత్రము వివాదమే లేదు.

2025 జూన్‌లో రాష్ట్ర మంత్రివర్గము దినమునకు తొమ్మిదిగంటల పనిపరిమితిని పదిగంటలకు పెంచుటకును, స్త్రీలకు రాత్రిపని ననుమతించుటకును ఆమోదించెను. స్త్రీలకు ఉపాధిద్వారము తెరచుట తప్పని మే మనము. వారి సమ్మతి, రక్షణ, ప్రయాణవసతులను గూర్చి చెప్పిన షరతులు అవసరములే. అయితే అవి దారిలోని భయమును బాపును గాని దేహములోని గడియారమును సరిచేయజాలవు. ఆ గడియారము స్త్రీపురుషులకు ఇరువురకును ఒక్కటే.

భూస్వాములగు మన పాఠకులకు ఈ విషయము క్రొత్త కాదు. రాత్రివేళ కరెంటు వచ్చిన దినములలో మోటారు వేయుటకు చీకటిలో పొలమునకు పోయి, పాముకాటునకు, విద్యుద్ఘాతమునకు బలియైన రైతులను మన పల్లె లెరుగును. పగటివేళ విద్యుత్తు కావలెనని రైతు కోరినది న్యాయమే. అదే న్యాయము మిల్లుకూలికి వర్తింపదా? రైతునకు రాత్రిపని కొన్నినాళ్లది. కూలికి ఏండ్ల తరబడినది. అతడు పగలు నిద్రింపవలసినది మే నెల యెండలో రేకుల కప్పు క్రింద!

మిల్లులు రాత్రులందు మూతవడవలెనని మా వాదము కాదు. అవి నిలిచిన మన పత్తికి గిరాకి యుండదు. కోరునది స్వల్పము. రాత్రికూలీలకు చేరునపుడును, ఏటేటను ఉచిత వైద్యపరీక్ష జరుగవలెను. 1990 నాటి అంతర్జాతీయ రాత్రిపని ఒడంబడిక చెప్పినదియు ఇట్టిదే. షిఫ్టు మారునపుడు నిండు విశ్రాంతి నీయవలెను. పగటినిద్రకు చల్లని, చీకటిగదులు కట్టింపవలెను. గర్భిణులను రాత్రిపని నుండి తప్పింపవలెను.

పరిమితమగు పనివేళలును, ఆరోగ్యకరమగు పనిపరిస్థితులును కార్మికుల హక్కులని 1931లో కరాచీ కాంగ్రెసు తీర్మానించెను. పరప్రభుత్వము నాడు మనము అడిగినదానిని స్వరాజ్యమున మనము ఈయకుండుట మనకు తగదు.